దాదాబీ పొడి

కర్నూలు,
18 జూన్ 2023

పెద్దమ్మా, సలాం.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మొన్న ఫోన్ చేస్తే నువ్వు "ఎవురూ? గట్టిగా చెప్పు!" అని అరిచావు. నేను హాస్టల్ వరండాలో నిలబడి అంతకంటే గట్టిగా అరిచాను. పక్క గదుల అమ్మాయిలంతా బయటికొచ్చి చూశారు. అయినా నీకు నా పేరు తప్ప ఏమీ వినపడినట్టు లేదు. నీ చెవులు ఇంత మందగించాయని నాకు తెలియదు. అమ్మను అడిగితే, "మా అక్కకు చెవులు పోయినా కండ్లు బాగుండాయి. జాబు రాయి" అంది.

ఆ రోజు చెప్పాలనుకున్నది ఇది. నా ఫార్మసీ చదువు చివరి ఏడాదికి వచ్చింది. ఇప్పుడు ఏదో ఒక మందు మీద సొంతంగా పరీక్షలు చేసి, వచ్చింది పుస్తకంగా రాసివ్వాలి. నేను నీ మందులు రెండూ ఎంచుకున్నాను. కోతలకు, గాయాలకు నువ్వు వేసే గాయపాకు పసరు ఒకటి. కడుపులో పుండ్లకు ఇచ్చే బలుసాకు పొడి ఇంకొకటి.

నాకు చదువు చెప్పి దారి చూపించే నారాయణమ్మ మేడం మొదట ఒప్పుకోలేదు. "ప్రతి పల్లెలోనూ ఇలాంటి పొడి ఒకటి ఉంటుందమ్మా" అన్నారు. నేను చెప్పు విప్పి కుడి పాదం చూపించాను. ఏడేళ్లప్పుడు మీ శెనక్కాయ చేలో కొడవలికి తెగి ఎముక కనిపించిన చోటు. నీ పసరుకు మాని ఇప్పుడు సన్నటి గీత ఉందంతే. ఆమె చాలాసేపు చూసి, "సరే, పరీక్షకు నిలబడితే నిలబడనీ" అన్నారు.

పరీక్ష ఎలుకల మీద చేస్తాం. మనుషుల మీద కాదు, భయపడకు. కడుపులో పుండ్లు పడేట్టు చేసి, కొన్నిటికి ఏ మందూ ఇవ్వం. కొన్నిటికి అంగట్లో దొరికే గ్యాస్ మాత్ర మందు ఇస్తాం. కొన్నిటికి నీ పొడి. ఎవరి పుండ్లు ఎంత తగ్గాయో చూస్తాం.

నాకు ఒక డబ్బా నిండా పొడి, ఒక సీసా పసరు కావాలి. ఎలా చేస్తావో కూడా వివరంగా రాయి. మీ అమ్మ నీకెలా నేర్పిందో అలాగే.

నీ ఇఫ్రా


గార్లదిన్నె,
2 జూలై 2023

అమ్మా ఇఫ్రా, నీకు దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా రాత చూసి నవ్వవద్దు. ఏడో తరగతి వరకే చదివాను. మాట్లాడినట్టు జాబు రాయకూడదని మా అయ్యవారు బెత్తం పట్టుకుని నేర్పారు. అందువల్ల కలం పట్టగానే పుస్తకం భాషే వస్తుంది.

మా అమ్మ వైద్యం కాలేజీలో పరీక్షకు వెళుతోందంటే సంతోషంగా ఉన్నది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కొండ మీది ఆకులన్నీ వాసన చూసి చెప్పేది. మీ పెద్దనాయన ఉంటే ఈ మాట ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. ఆయన పోయి నాలుగేండ్లు అయినది.

బలుసాకును నీడలో ఎండబెట్టాలి. ఎండలో పెడితే సారం పోతుంది. కొంచెం జీలకర్ర వేసి దంచి, పలుచటి బట్టలో జల్లించాలి. పొద్దున పరగడుపున ఒక చెంచా, రాత్రి సంగటి తినక ముందు ఒక చెంచా. అంతే.

పొడి నేనే చేసి, పసరు సీసాతో పాటు పార్సిలు పంపాను. నువ్వు అక్కడ ఆకు ఏరుకుని చేసుకోవద్దు. చెయ్యి మారితే గుణం మారుతుంది.

గంగప్ప నీకు గుర్తున్నాడా? మా ఇంటి వెనక ఉంటాడు, అతని భార్య ఓబులమ్మ. ఇద్దరూ కూలి పనులకు పోతారు. అతనికి మోకాళ్ల నొప్పులు. రోజూ అంగట్లో నొప్పి మాత్ర కొనుక్కుని మింగుతాడు, లేకుంటే పార పట్టలేడు. ఆ మాత్రలకు కడుపులో మంట పుట్టేది. నా పొడి మొదలుపెట్టినప్పటి నుంచి మంట లేదు. నీ సంగతి చెబితే, "నన్నడగమను ఆ పిల్లను, ఎలకలెందుకు?" అన్నాడు.

వాన ఇంకా రాలేదు. విత్తనం ఎవరూ వేయలేదు. ఎలుకలను చివరికి చంపుతారా? రాయి.

మీ పెద్దమ్మ
దాదాబీ


కర్నూలు,
10 సెప్టెంబర్ 2023

పెద్దమ్మా!

ముందు గాయపాకు సంగతి చెబుతాను. పసరు రాసిన గాయాలు రాయని వాటికంటే నాలుగు రోజులు ముందే మూసుకున్నాయి. రోజూ పలుచటి కాగితం మీద గాయం అంచు గీసుకుని కొలిచాను. కొలత తప్పడానికి లేదు.

ఇక పొడి. మందు ఇవ్వని ఎలుకల కడుపులు తెరిస్తే లోపలంతా ఎర్రటి చారలు, చుక్కలు. గ్యాస్ మాత్ర మందు ఇచ్చిన వాటిలో దాదాపు ఏమీ లేవు. నీ పొడి ఇచ్చిన వాటిలో కూడా దాదాపు ఏమీ లేవు! మాత్రతో సమానం. మేడం భూతద్దం నా చేతిలోంచి లాక్కుని రెండుసార్లు చూశారు. "మీ పెద్దమ్మను చూడాలి నేను" అన్నారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

నువ్వు అడిగావు కదా, అవును, చివరికి చంపుతాం. బాధ లేకుండా మత్తు ఇచ్చి. ఇప్పటికీ ఆ పని ఉన్న రోజు ఎవరితోనూ మాట్లాడను.

మేడం దీన్ని పత్రికకు పంపిద్దామంటున్నారు. మందు చెప్పింది నువ్వే కాబట్టి నీ పేరు కూడా వేద్దామన్నారు. దానికి ముందు ఒక పని మిగిలింది. మేమే ఆకు కోసి, చెట్ల మాస్టారికి చూపించి అది బలుసేనని రాయించుకుని, పొడి చేసి ఇంకోసారి పరీక్ష పెట్టాలి. పద్ధతి అంతే. నువ్వు దంచకుండా ఎండాకు మాత్రం ఒక సంచి పంపగలవా?

నీ ఇఫ్రా


గార్లదిన్నె,
24 సెప్టెంబర్ 2023

అమ్మా ఇఫ్రా,

అంతా అల్లా దయ. గాయపాకు గురించి నువ్వు రాసింది చదివి మా అమ్మను తలుచుకున్నాను.

ఆకు పంపలేను. ఈ ఎండలకు బలుసు చెట్లు మోడు అయినవి. ఉన్న పొడితోనే చదువు పూర్తి చేసుకో. కావాలంటే ఇంకొక డబ్బా చేసి పంపుతాను. ఒకసారి నిలబడినది కదా, మళ్లీ పరీక్ష ఎందుకు?

నా పేరు పత్రికలో వేయవద్దు. మేడంకు చెప్పు. నేను పేరు కోసం చేసినది కాదు.

దాదాబీ


కర్నూలు,
5 నవంబర్ 2023

పెద్దమ్మా, సలాం.

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను, చింపుతున్నాను.

నా స్నేహితురాలితో గుత్తి దగ్గర కొండకు వెళ్లాను. బలుసు దొరికింది. చెట్ల మాస్టారు చూసి సరేనన్నారు. నువ్వు చెప్పినట్టే నీడలో ఎండబెట్టాం, జీలకర్ర వేసి దంచాం. ఆ పొడి ఇచ్చిన ఎలుకలకూ, ఏ మందూ ఇవ్వని వాటికీ పెద్ద తేడా లేదు. ఏదో కొంచెం తగ్గినట్టుంది, అంతే. తప్పు నాదేనని మళ్లీ మొదటి నుంచి చేశాను. అదే వచ్చింది.

అప్పుడు రెండు పొడుల సారాన్నీ గాజు పలక మీద పక్కపక్కన చుక్కలుగా పెట్టి, ద్రవంలో నిలబెట్టాను. అందులో ఏమేం కలిసి ఉన్నాయో అవి విడివిడి మరకలుగా పైకి పాకుతాయి. నీలి దీపం కింద చూస్తే ఆకు మరకలు రెండిట్లోనూ ఉన్నాయి. నీ పొడిలో ఇంకొక మరక ఎక్కువగా ఉంది.

అది ఏమిటో నాకు తెలుసనే అనుకుంటున్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు. మేడంకు ఇంకా చూపించలేదు. పలక నా అలమారలో పెట్టి తాళం వేశాను.

నిన్ను ఏమీ అడగను. ఒక్కటే చెబుతాను. ఆకు, జీలకర్ర తప్ప ఆ పొడిలో ఇంకేమైనా కలుస్తూ ఉంటే, ఈ రోజు నుంచే ఆపెయ్యి. ఎవరైనా వచ్చి చూస్తే నీకు మాట రాకూడదు.

ఇఫ్రా


గార్లదిన్నె,
19 నవంబర్ 2023

ఇఫ్రాకు,

జాబు అందినది. ఇకమీద పొడిలో ఆకు, జీలకర్ర తప్ప మరేమీ ఉండదు. నువ్వు బాగా చదువుకో.

దాదాబీ


అనంతపురం, ఆస్పత్రి,
27 డిసెంబర్ 2023

ఇఫ్రా,

ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చోని రాస్తాండా. అయ్యవారు నేర్పిన భాష ఇప్పుడు నా చేతికి రాదు. నోటికొచ్చినట్టే రాస్తా, అట్లే చదువుకో.

గంగప్ప బతికినాడు. ముందు ఆ మాట చెప్పాల.

మూడు దినాల కింద పొద్దన్నే ఓబులమ్మ పరిగెత్తుకోనొచ్చింది. ఆయమ్మ నోరు కదిలేది కనపడతాండాది గానీ నాకేం వినపళ్యా. చెయ్యి పట్టుకోని ఈడ్చకపోయింది. గంగప్ప మంచంలో నుంచి తల కిందికేసి ఉండాడు. నేలంతా నల్లగా, కాఫీ పొడి నీళ్లలో కలిపినట్ల వాంతి. దొడ్డికి గూడా నాలుగు దినాల నుంచి తారు మాదిరి నల్లగా పోతాండాదంట. ఎవురికీ చెప్పలా. మంట మళ్లీ మొదలైందని నాకు మాత్రం చెప్పినాడు, పది దినాల కింద. నేనేం చేసినానో తెల్సా? పొడి రెండు చెంచాలు యేసుకోమన్యా. ఉత్త ఆకు పొడి.

108 బండిలో ఈడికి తెచ్చినాం. గొట్టం యేసి చూసినారు. కడుపులో పుండు పగిలి రక్తం కారతాండాదన్యారు. రక్తం ఎక్కించినారు. ఆ పొద్దంతా ఓబులమ్మ నా భుజం మీదే తల పెట్టుకోని ఏడ్చింది. నేను ఆయమ్మ తల నిమరతాండా. నా చెయ్యి నాకే బరువైపోయింది తల్లీ.

డాక్టరమ్మ నీ ఈడుదే. ఆయమ్మ అడిగిందంతా ఓబులమ్మ నా కుడి చెవిలో గట్టిగా చెప్తాండాది. "ఇన్నేండ్ల నుంచి నొప్పి మాత్రలు మింగుతాండాడంట, ఏమీ కాలేదంట, ఇప్పుడే ఎందుకిట్లయిందని అడుగుతాంది అక్కా. నీ పొడి గూడా మానకుండా తింటాండాడని చెప్పు."

నేను లేచి నిలబడినా. "ఇన్నేండ్లు ఆ పొడిలో గ్యాస్ మాత్ర కలిపినాను తల్లీ. నెలకు ముందు ఆపినా. ఎవురికీ చెప్పలా" అన్యా.

ఓబులమ్మ చెయ్యి నా భుజం మీద నుంచి తీసేసింది.

ఇప్పుడు నీకు మొదటి నుంచి చెప్తా. పద్నాలుగేండ్ల కింద మీ పెద్దనాయనకు కడుపులో పుండు పడింది. పరుపులు కుట్టేదానికి ఊర్లు పట్టుకోని తిరిగేటోడు, తిండికి యాళాపాళా లేదు. మా అమ్మ పొడి మూడు నెలలు ఇచ్చినా. తగ్గలా. డాక్టరు దగ్గరికి పోతే మాత్రలిచ్చినాడు, తగ్గింది. అదే ఏడు గంగప్ప కడుపు పట్టుకోని మా ఇంటికొచ్చినాడు. మాత్రలు మింగప్పా అంటే, "మా అన్న డాక్టరు మందు తినే సచ్చినాడు. సచ్చినా మింగను. నీ ఆకే ఇయ్యి అక్కా" అన్యాడు. నొప్పి మాత్ర మాత్రం అంగట్లో కొంటాడు. అది డాక్టరు ఇచ్చింది కాదు గదా ఆయప్పకు! మీ పెద్దనాయన తన మాత్రలు నాలుగు నూరి నా పొడిలో కలిపి, "ఇదియ్యి" అన్యాడు. వారానికి గంగప్ప నవ్వుకుంటా వచ్చినాడు.

ఒక్కరికే అనుకున్నాం. ఆయప్ప ఊరంతా చెప్పినాడు. జనం వచ్చినారు. దాదాబీ పొడి అని పేరు పెట్టినారు. వాళ్లకు ఉత్త ఆకు ఇస్తే తగ్గదు, మాత్రంటే తీసుకోరు. కలిపినాం. ఆయన పోయినాక నేను గుత్తికి పోయి తెచ్చుకుంటాండా, ఈ ఊరి అంగట్లో కొంటే తెలిసిపోతుందని. ఎవురి కాడా ఏమీ తీసుకోలా. అయినా దొంగతనం దొంగతనమే.

ఇంకొకటుండాది. మా అమ్మ ఆకు పని చేయలేదని ఒప్పుకునేదానికి నాకు మనసు రాలా. నువ్వు పరీక్ష పెడతానంటే భయమైంది, ఆశ గూడా అయింది. ఏమో, ఆకులో గుణముంటే నీ పరీక్షలోనే తేలుతుంది లెమ్మనుకున్నా. అట్లనుకున్యా గానీ నీకు పంపిన డబ్బాలో గూడా మాత్ర కలిపే పంపినా.

ఆ మరక ఏందో నీకు తెలుసు, రాయలా. నాకూ తెలుసు, చెప్పలా. మధ్యలో గంగప్ప రక్తం కక్కినాడు.

సాయంత్రం ఓబులమ్మ టీ తెచ్చి నా పక్కన పెట్టింది. చెవి కాడికి వంగి, "ఆయప్ప బతికినాడని గమ్మునుండా. సచ్చింటే నిన్ను వదిలేదాన్ని కాదు అక్కా" అనింది. టీ తాగినా. ఏం చేయాల్నో చెప్పు. ఆ పొడి తినేవాళ్లు ఊర్లో ఇంకా ఉండారు.

దాదాబీ


కర్నూలు,
31 డిసెంబర్ 2023

పెద్దమ్మా,

నీ ఉత్తరం నిన్న అందింది. ముందు చేయాల్సింది చెబుతాను.

పొడి తీసుకునే వాళ్లందరి పేర్లూ రాసిపెట్టు. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు రూతు గారున్నారు కదా, ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను శనివారం వస్తున్నాను. ముగ్గురం కలిసి ప్రతి ఇంటికీ వెళదాం. ఎవరెవరు నొప్పి మాత్రలు మింగుతున్నారో, ఎవరికి నల్లగా పోతోందో, ఎవరు బరువు తగ్గారో అడగాలి. అలాంటి వాళ్లు వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. అప్పటిదాకా ఎవరికీ కొత్తగా పొడి ఇవ్వకు.

ఇక నా సంగతి. నువ్వు తప్పంతా నీ మీద వేసుకుని రాశావు. "ఈ రోజు నుంచే ఆపెయ్యి" అని రాసింది నేను. రోజూ నొప్పి మాత్ర మింగే మనిషికి కడుపును కాసే మందు ఉన్నట్టుండి తీసేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. దాని మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. గంగప్ప నొప్పి మాత్రలు మింగుతాడని నువ్వు జూలైలోనే రాశావు. ఆ ఉత్తరం నా బల్ల మీదే ఉంది. అయినా నవంబరులో కలం పట్టినప్పుడు నాకు నీ పరువు, నా పుస్తకం తప్ప మరేమీ గుర్తు రాలేదు. పొడి మింగే మనుషులున్నారని గుర్తు రాలేదు. ఎలుకల లెక్క తప్పకుండా చూసుకున్నదాన్ని.

నిన్న మేడంకు పలక చూపించాను, నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "రెండు నెలలు తాళం వేసి పెట్టావా?" అన్నారు. అవునన్నాను. "మూడో నెల కూడా పెట్టి ఉంటే నిన్ను ఈ గదిలోకి రానిచ్చేదాన్ని కాదు" అన్నారు. అంతలోనే, "ఆమె డాక్టరు ముందు లేచి నిలబడి చెప్పిందా, తనంతట తానే?" అని అడిగారు. అవునన్నాను. "అయితే నువ్వు కూడా అలాగే రాయి" అన్నారు.

రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు లేకుండా. బలుసాకు కడుపు పుండ్లను మాన్పినట్టు మా పరీక్షలో తేలలేదని. మొదట వచ్చిన గొప్ప ఫలితం కలిసిన మాత్రదని. పత్రికకు పంపడం ఆగిపోయింది. గాయపాకు అధ్యాయం అలాగే ఉంటుంది. అందులో ఏ మాత్రా లేదని పలక మీద చూసుకున్నాను. క్షమించు పెద్దమ్మా, నీ మీద అనుమానంతోనే చూశాను.

శనివారం మధ్యాహ్నం బస్సుకు దిగుతాను.

నీ ఇఫ్రా


గార్లదిన్నె,
3 మార్చి 2024

అమ్మా ఇఫ్రా, నీకు దీవెనలు.

నువ్వు వచ్చి వెళ్లి రెండు నెలలు అయినది. ఆ రెండు రోజులూ ఇల్లిల్లూ తిరిగాము. నువ్వు పక్కన లేకుంటే మూడో ఇంటి దగ్గరే వెనక్కి వచ్చేదాన్ని.

తరువాత సంగతులు రాస్తాను. బసప్ప ఇప్పటికీ మాట్లాడడు. ఆ రోజు పొడి డబ్బా వీధిలోకి విసిరినవాడు, ఎదురుపడితే తల తిప్పుకుని పోతాడు. పోనీ. అతనికి ఆ హక్కు ఉన్నది. బయ్యన్న భార్యను రూతమ్మ అనంతపురం పంపించి పరీక్ష చేయించింది. కడుపులో కంటికి కనపడని పురుగు వల్ల పుండు పడినదట, పద్నాలుగు రోజుల మందు ఇచ్చారు. నా పొడి తింటూ ఉంటే అది ఎప్పటికీ బయటపడేది కాదని రూతమ్మ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. మంగళవారం మంగళవారం ఆమె మా ఇంటి అరుగు మీదే కూర్చుంటున్నది. ఆరోగ్య కేంద్రానికి పోని ఆడవాళ్లు ఇక్కడికి వస్తున్నారు. కొందరు నా మీద కోపంతోనే వస్తారు, నన్ను చూడకుండా రూతమ్మతోనే మాట్లాడి పోతారు. నేను నీళ్లు అందిస్తూ ఉంటాను.

మొన్న గంగప్ప వచ్చాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక మా గడప తొక్కడం అదే మొదలు. చిక్కిపోయి, కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఓబులమ్మ వీధిలోనే నిలబడింది.

"అక్కా, నా మందు యాడ?" అన్నాడు.

డాక్టరు రాసిచ్చిన మాత్రలు ఓబులమ్మ కొంగున ఉన్నాయి. ఇంట్లో ఎంత చెప్పినా మింగడం లేదట. ఆమె ముడి విప్పి ఒక మాత్ర నా చేతిలో పెట్టింది. నేను అతనికి చూపించాను. "ఇది మాత్ర గంగప్పా. ఆకు కాదు. డాక్టరు రాసిందే" అని గట్టిగా చెప్పాను, వీధిలో పోయేవాళ్లకు కూడా వినపడేటట్టు.

అతను దానిని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశాడు. "ఇంత చిన్నదా?"

"ఇంతే."

నీళ్లు ఇచ్చాను. మింగాడు. మూతి తుడుచుకుని, నాకు వినపడాలని నా చెవి దగ్గరికి జరిగాడు. "పద్నాలుగేండ్లు నీ చేతి ఆకని మింగినా. మాత్రని తెలిసింటే ముట్టేవాణ్ణి కాదు. ఎప్పుడో సచ్చిపోయేవాణ్ణి."

అతను కర్రతో నేల మీద గీతలు గీశాడు. ఆ తరువాత నా వైపు చూడకుండానే ఇంకేదో అన్నాడు. గట్టిగా అనలేదు. నాకు వినపడలేదు, పెదవులు చూసి తెలుసుకున్నాను.

"అయినా చెప్పాల్సింది అక్కా."

"చెప్పాల్సింది" అన్నాను.

ఓబులమ్మ వచ్చి అతని పక్కన కూర్చున్నది. లేచి పోయేటప్పుడు అతను భార్య కొంగున ఉన్న మాత్రల అట్టలు అన్నీ తీసి నా ఒడిలో పెట్టాడు.

"ఇవి నీ కాడే ఉండనీ. రేపు ఈడికే వచ్చి మింగుతా" అన్నాడు.

రోజూ పొద్దున్నే వస్తున్నాడు.

మీ పెద్దమ్మ
దాదాబీ